హెలికాప్టర్ ప్రార్థన

నోవహు, జయమణి దంపతులు ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా గొంతు పెంచి పోట్లాడుకోలేదని కెనడాలోని మిస్సిసాగా తెలుగు క్రైస్తవ సంఘంలో గొప్పగా చెప్పుకుంటారు. నిజమే, పోట్లాడుకోలేదు. అంటే వాళ్ళ మధ్య పేచీలు లేవని కాదు. ఆ ఇంట్లో పేచీలన్నీ దేవుడి మీదుగా నడుస్తాయి.

సాయంత్రం భోజనానికి ముందు కుటుంబ ప్రార్థన. అన్నం, పప్పు, వేపుడు బల్ల మీద పెట్టుకుని ఇద్దరూ కళ్ళు మూసుకుంటారు. ఒక రోజు ఆయన వంతు, ఒక రోజు ఆవిడ వంతు. ముందు స్తోత్రాలు. ఆ తర్వాత సంఘం, పాలకొల్లులో జయమణి చెల్లెలి కుటుంబం, రెజైనాలో చదువుకుంటున్న కూతురు హోప్. వీళ్ళందరి క్షేమం అయ్యాక అసలు సంగతి మొదలవుతుంది. "ప్రభువా, బట్టలుతికే మెషిన్ పాడై రెండు వారాలైంది. మెకానిక్‌కి ఫోన్ చెయ్యాలన్న మంచి తలంపు నీ దాసునికి దయచేయి తండ్రీ" అంటుంది జయమణి. మర్నాడు నోవహు వంతు. "తండ్రీ, ఓర్పు అనే వరం ఈ ఇంట్లో ఇంకాస్త కుమ్మరించు. మెకానిక్‌కి ఫోన్ చేస్తే గురువారం దాకా ఖాళీ లేదన్నాడని నీవు ఎరుగుదువు" అంటాడు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి అడ్డు తగలకూడదు కాబట్టి రెండోవాళ్ళు చచ్చినట్టు చివరిదాకా వినాల్సిందే. విన్నాక ఆమేన్ అంటే ఒప్పుకున్నట్టు. అనకపోతే ఆ విషయం రేపటికి వాయిదా పడ్డట్టు. దీనివల్ల ఒకటే నష్టం, పెద్ద పేచీ ఉన్న రోజున పప్పు చల్లారిపోతుంది.

ఆ జనవరిలో జయమణి ప్రార్థనలోకి ఒక హెలికాప్టర్ వచ్చి చేరింది.

"పరిశుద్ధుడవైన తండ్రీ," అంది ఆవిడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, "బ్రిటిష్ కొలంబియాలో నీవు చేసిన కొండలున్నాయి. వాటి మీదకి రోడ్డు లేదు, పైకి మోసుకెళ్ళే లిఫ్టు కుర్చీలు లేవు. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళి కొండ కొస మీద దింపుతారట. మనిషన్నవాడు తొక్కని మంచులో గైడ్ వెనకాలే స్కీ చేసుకుంటూ కిందకి దిగడమే. మూడు రోజులు, ప్రభువా. ఖర్చు ఎక్కువే. కానీ అది నేను ఓవర్‌టైమ్ చేసి దాచుకున్న డబ్బు, ఇంట్లోంచి పైసా తియ్యక్కర్లేదు. నా మోకాలి సంగతి కూడా నీకు తెలుసు. నా భర్త మనసు మెత్తన చెయ్యి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్."

నోవహు నోట ఆమేన్ రాలేదు. జయమణి ఒక కన్ను తెరిచి చూసింది. నోవహు అప్పటికే గరిటె అందుకున్నాడు.

"పప్పు చల్లారిపోతోంది" అన్నాడు.

అసలు నర్సాపురం సముద్రపు గాలికి పెరిగిన మనిషికి స్కీ పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి హోప్ చదివిన స్కూలు కారణం. పన్నెండేళ్ళ కిందట పిల్లల్ని స్కీకి తీసుకెళ్తున్నాం, తోడుగా ఒక తల్లి కావాలన్నారు. జయమణి వెళ్ళింది. పిల్లలతో పాటు ఈవిడక్కూడా కాళ్ళకి ఆ పలకలు కట్టి మంచులోకి తోశారు. నలభై దాటిన వయసు, మందుల కంపెనీ ల్యాబ్‌లో పొద్దస్తమానం నిలబడి మాత్రల్ని పరీక్షించే ఉద్యోగం, ఇంటికొస్తే నడుం పట్టేసే ఒళ్ళు. ఆ రోజు మాత్రం పడ్డ ప్రతిసారీ నవ్వుకుంటూ లేచిందట. ఇంటికొచ్చి తడి సాక్సులు విప్పుతూ, "ఏవండీ, వచ్చే వారం మళ్ళీ వెళ్దామా?" అంది. ఇక అంతే.

అప్పట్నుంచీ చలికాలంలో శనివారాలు కాలింగ్‌వుడ్ దగ్గరి కొండకే. జయమణి పైకి వెళ్తుంది, నోవహు కొండ కింద లాడ్జి హాల్లో బల్ల కాపలా కాస్తాడు. నోవహుకి మంచంటే పడదు. విమానాశ్రయం పక్కన కార్గో ఆఫీసులో అతని పని వాతావరణం చూసి ఏ సరుకు ఎంత ఆలస్యమవుతుందో చెప్పడం. ఆకాశాన్ని నమ్మకూడదని జీతం తీసుకుని మరీ నేర్చుకున్న మనిషి. కారు డిక్కీలో దుప్పటి, కొవ్వొత్తులు, పార, ఇసుక సంచి, బిస్కెట్లు ఎప్పుడూ ఉంటాయి. బైబిల్లో ఓడ కట్టిన నోవహు పేరుకు తగ్గట్టు వరదొచ్చినా తట్టుకునేలా ఉంటాడని జయమణి ఏడిపిస్తూ ఉంటుంది.

లాడ్జిలో వెచ్చటి గాలి వచ్చే గొట్టం పక్కన ఒక బల్ల ఉంది. అది అతనిది. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో అల్లం టీ, ఒక ఇంగ్లీషు పేపరు. పక్క బల్లల వాళ్ళు కూడా వాళ్ళ సంచులు అతనికే అప్పగించి పోతారు. జయమణి రెండు గంటలకోసారి వచ్చి, ఎర్రబడిన బుగ్గలతో టీ తాగి, నాలుగు ముద్దలు తిని, మళ్ళీ వెళ్ళిపోతుంది. ఆ బల్ల పక్క కిటికీలోంచి కనపడేది కార్ పార్కింగ్. కొండ అటువైపు ఉంటుంది. అటు చూడాలంటే కోటు తొడుక్కుని బయటికి వెళ్ళాలి. నోవహు ఎప్పుడూ వెళ్ళలేదు.

కిందటి సెప్టెంబరులో జయమణి మోకాలు వాచింది. కీలు అరిగిపోయిందని, వచ్చే చలికాలం లోపు మార్చెయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ అయ్యాక నడవచ్చు, మెట్లెక్కచ్చు, చిన్న చిన్న కొండల మీద మెల్లగా జారచ్చు. పెద్ద కొండల ఊసు మాత్రం మర్చిపొమ్మన్నాడు. "ఈ ఒక్క సీజన్ మోకాలికి బ్రేస్ పట్టీ కట్టుకుని చేసుకోండి" అన్నాడు. ఇంట్లో మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆన్చి, "అమ్మా" అనుకుంటూ దిగే మనిషి ఆ మాట వినగానే హెలికాప్టర్ వైపు చూసిందంటే, ఆవిడ కోరిక ఎంత పాతదో నోవహుకి అర్థం కాకపోలేదు. అర్థమైంది కాబట్టే భయపడ్డాడు.

భయమని పైకి అంటే నోవహు ఎందుకవుతాడు? ఖర్చు అన్నాడు. తన వంతు వచ్చిన రోజున, "తండ్రీ, వంటింటి అలమారాల తలుపులు ఊడి వేలాడుతున్నాయని నీవు చూచుచున్నావు. మూడు రోజుల సరదాకి పోసే డబ్బుతో కొత్త అలమారాలు వచ్చి, ఇంకా మిగులుతుంది" అని విన్నవించుకున్నాడు. జయమణి ఆమేన్ అనలేదు. ఇంకోసారి వాతావరణం ఎత్తుకున్నాడు. "మబ్బు పడితే హెలికాప్టర్ ఎగరదు ప్రభువా. అంత డబ్బు కట్టి ఆ మూడు రోజులూ లాడ్జిలో కూర్చోవాల్సి రావచ్చు."

"కూర్చుంటే ఎలా ఉంటుందో నీ దాసుడు పన్నెండేళ్ళుగా ఎరుగును ప్రభువా" అంది జయమణి కళ్ళు మూసుకునే. తన వంతు కాని రోజున అలా మధ్యలో మాట్లాడటం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

హోప్‌కి ఫోన్ చేశాడు, తన పక్షం మాట్లాడుతుందేమోనని.

"డాడ్, ఇట్స్ హర్ మనీ" అంది హోప్.

"డబ్బు ఆవిడదే అనుకో అమ్మా. కానీ మూడు రోజులకి అంతంటే..."

"యూ ఆర్ నాట్ వరీడ్ అబౌట్ ద మనీ. మమ్మీ మనీ గురించి ఇంతకుముందు ఎప్పుడైనా అడిగావా? జస్ట్ టెల్ హర్ యూ ఆర్ స్కేర్డ్."

"నాకేం భయం? నేను లెక్క చెప్తున్నాను" అన్నాడు నోవహు. కూతురు అవతల నవ్వి, "ఓకే డాడ్, లవ్ యూ" అని పెట్టేసింది. తండ్రిని ఇంత సులువుగా పట్టేసే పిల్లల్ని కనడం ఎవరి తప్పు?

మర్నాడు మధ్యాహ్నం లంచ్ టైములో కార్లో కూర్చుని, జయమణికి తెలియకుండా ఆ కంపెనీకి ఫోన్ చేశాడు. ఫోనెత్తిన అమ్మాయి గొంతు చక్కగా, ఓపిగ్గా ఉంది. హెలికాప్టర్ ఎంత పాతది, పైలట్‌కి ఎన్నేళ్ళ అనుభవం, యాభై నాలుగేళ్ళ ఆడమనిషిని తీసుకెళ్తారా, మధ్యలో కాలు నొప్పి పుడితే ఏం చేస్తారు, ఇలా అడుగుతూ పోయాడు. ఆ అమ్మాయి అన్నిటికీ జవాబు చెప్పింది. ఆవిడ కంటే పెద్దవాళ్ళు కూడా వస్తారనీ, మెత్తటి మంచు మోకాళ్ళకి నిజానికి సుఖంగా ఉంటుందనీ, నొప్పి పుడితే హెలికాప్టరే వచ్చి ఎక్కించుకుంటుందనీ చెప్పింది. నోవహుకి కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడామె, "మొదటి రోజు పొద్దున్న ఎగరడానికి ముందు అందరికీ ట్రైనింగ్ ఉంటుంది సర్" అంది. ఒక్కొక్కరి ఒంటికీ సిగ్నల్ ఇచ్చే చిన్న పరికరం కడతారు. ఎప్పుడైనా మంచు చరియ విరిగి ఎవరైనా కింద కూరుకుపోతే, మిగతావాళ్ళు ఆ సిగ్నల్‌తో వెతికి తవ్వి బయటికి తీస్తారు.

గైడ్లు రోజూ తెల్లవారుజామునే మంచుని పరీక్షిస్తారని, అనుమానం ఉన్న కొండ జోలికే పోరని ఆ అమ్మాయి ఇంకా చెప్తూనే ఉంది. నోవహుకి వినపడటం మానేసింది. తవ్వి తీస్తారు అన్న దగ్గరే అతను ఆగిపోయాడు. థాంక్యూ చెప్పాడో లేదో కూడా గుర్తులేదు. తెచ్చుకున్న లంచ్ డబ్బా తెరవకుండానే ఇంటికి తీసుకొచ్చాడు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఆ ఆదివారం చేసిన పని మాత్రం అతను చెయ్యకుండా ఉండాల్సింది.

సంఘం కూడుకునేది ఒక ఇంగ్లీషు చర్చి కింది హాల్లో, వాళ్ళ ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పూట. వాక్యం అయిన తర్వాత ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం ఉంటుంది. ఒకరికి ఇక్కడ స్థిరపడటానికి పీఆర్ రావాలి, ఒకరికి ఇంటర్వ్యూ ఉంది, ఒకరి తల్లికి ఊళ్ళో కంటి ఆపరేషన్. జయమణి ఆ సమయంలో పక్క గదిలో పిల్లలకి సండే స్కూలు చెప్తుంది కాబట్టి అక్కడ లేదు. ఎప్పుడూ ఏదీ అడగని నోవహు లేచి నిలబడ్డాడు. హాలంతా అతని వైపు తిరిగింది.

"మా ఇంట్లో ఒక విషయం ఉందండి" అన్నాడు. "జయమణి గురించి. డాక్టరు గారు కూడా చెప్పారు, ఈ చలికాలమేనని. నేనేమో... నాకు నిద్ర పట్టడం లేదండి. నిర్ణయం తీసుకోవాలి. ఇంతకంటే చెప్పలేను. ప్రార్థన చెయ్యండి."

తల వంచుకుని కూర్చున్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్క ముక్క హెలికాప్టరూ లేదు. పాస్టరు డేవిడ్‌సన్ అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. ఇలాంటి మనవి వస్తే ఆ సంఘంలో ఎవరూ వివరాలు అడగరు, అది మర్యాద కాదు. వంట మొదలుపెడతారు.

సోమవారం సాయంత్రం నోవహు ఇంటికొచ్చేసరికి గుమ్మంలో ఎవరివో మూడు జతల మంచు బూట్లున్నాయి. లోపల నుంచి చేపల పులుసు వాసన, కోడి వేపుడు వాసన, దాని మీద ఎవరో చేసిన కేకు వాసన కలగలిసి వస్తున్నాయి. హాల్లో సోఫా మధ్యలో జయమణి కూర్చుని ఉంది. ఆవిడ భుజాల చుట్టూ ఎవరో దుప్పటి కప్పారు. కాళ్ళ కింద దిండు పెట్టారు. ఒక పక్క అయ్యగారు, ఆయన భార్య అమ్మగారు. రెండో పక్క సంఘంలో అందరికంటే పెద్దావిడ ఫేబీ ఆంటీ, జయమణి చెయ్యి పట్టుకుని నిమురుతోంది. గుమ్మంలో మొగుణ్ణి చూడగానే జయమణి గొంతు పెగిలింది.

"ఏవండీ, నాకేం జబ్బో మీరైనా చెప్పండి. వీళ్ళెవరూ చెప్పడం లేదు."

"ధైర్యం తెచ్చుకో అమ్మాయీ" అంది ఫేబీ ఆంటీ. "పొద్దున్న ఆఫీసుకి కూడా వెళ్ళొచ్చావంట. అంత గుండె నిబ్బరం దేవుడు అందరికీ ఇవ్వడు."

నోవహు బూట్లు విప్పకుండానే అక్కడ నిలబడిపోయాడు. మంచు కరిగి చాప తడుస్తోంది. ఎటు చూసినా దారి లేదని తెలిశాక నోరు తెరిచి, "జబ్బు కాదండీ, హెలికాప్టర్" అన్నాడు.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. కొండలు, మంచు, గైడ్, మోకాలు, ఖర్చు, అన్నీ. చెప్తున్నంతసేపూ తల ఎత్తలేదు. అయ్యగారు మొదట అర్థం కానట్టు చూశారు, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత ఆపుకోలేక పగలబడి నవ్వారు. అమ్మగారు చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. జయమణి దుప్పటి తీసి పక్కన పడేసి, "అంటే నేను స్కీయింగ్‌కి వెళ్తానంటే మీరు నాకు భూస్థాపన ప్రార్థన పెట్టించారా?" అని కోపం, నవ్వు కలిసిపోయి సోఫా మీద వాలిపోయింది.

ఫేబీ ఆంటీ మాత్రం నవ్వలేదు.

"నవ్వుతున్నారు గానీ అయ్యగారూ, నిన్న ఈ అబ్బాయి మొహం మీరు చూశారు కదా?" అంది. "మా ఆయన పోయిన రోజున అద్దంలో నా మొహం అలాగే ఉంది. జయమణికి జబ్బు లేదు, దేవుడికి స్తోత్రం. జబ్బు ఇతనికి. భయం జబ్బు. అది డబ్బు గురించి కాదమ్మా."

జయమణి నవ్వు ఆగిపోయింది. మొగుడి వైపు తిరిగి చూసింది. నోవహు చాప మీద నీళ్ళు తుడిచే గుడ్డ కోసం వెతుకుతున్నట్టు నటించాడు.

ఆ వారమంతా జబ్బు మనిషి కోసం వచ్చిన కూరలే తిన్నారు. అంత మంచి చేపల పులుసు కోసమైనా ఏటా ఒకసారి జబ్బు పడచ్చని జయమణి అంది. కానీ ప్రార్థనలో హెలికాప్టర్ మాట రాలేదు. మంగళవారం రాలేదు. ఆవిడ వంతు మళ్ళీ వచ్చిన రోజునా రాలేదు. స్తోత్రాలు, సంఘం, చెల్లెలు, హోప్, ఆమేన్. అయిపోయేది. పులుసు వేడిగా పొగలు కక్కుతూనే ఉండేది. నోవహు కోరుకున్నది ఇదే కదా! మరి ఆ వేడి పులుసు అతనికి ఎందుకో గొంతు దిగేది కాదు.

శనివారం పొద్దున్న జయమణే, "కొండకి వెళ్దామా?" అంది. అలవాటు ప్రకారం పులిహోర, అల్లం టీ. అలవాటు ప్రకారం గొట్టం పక్క బల్ల. సన్నగా మంచు పడుతోంది. పదకొండింటికి వచ్చి టీ తాగి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక చూస్తే బల్ల మీద ఆవిడ మంచు కళ్ళద్దాలు ఉండిపోయాయి. ఆ మంచులో అవి లేకపోతే కళ్ళు తెరవలేదు. నోవహు కోటు తగిలించుకుని, ఆఫీసు బూట్లతోనే బయటికి పరుగెత్తాడు.

అతను చేరేసరికి జయమణి లిఫ్టు కుర్చీలో కూర్చుని పైకి వెళ్ళిపోతోంది. పిలిచినా వినపడదు. దిగి వస్తుంది కదా, అప్పుడిద్దామని కంచె పక్కన నిలబడ్డాడు. ఆవిడ కోటు పసుప్పచ్చది. ఎక్కడ తప్పిపోయినా కనపడాలని తనే ఏరి కొన్నాడు. పైన ఆ పసుప్పచ్చ చుక్క కొండ అంచుకి వచ్చి, ఒక్క క్షణం ఆగి, కిందకి ఒరిగింది.

నోవహు కంచె కర్ర గట్టిగా పట్టుకున్నాడు. కానీ ఆవిడ పడటం లేదు. వస్తోంది. ఒక పక్కకి ఒరుగుతోంది, కొండ ఆవిడని పట్టుకుంటోంది, రెండో పక్కకి ఒరుగుతోంది. గోదావరిలో తెరచాప పడవ మలుపు తిరిగినంత తీరుబడిగా ఉంది. తొందర లేదు, తడబాటు లేదు. పొద్దున్న ఇంట్లో పన్నెండు మెట్లు దిగడానికి రెయిలింగ్ పట్టుకుని ఆపసోపాలు పడ్డ మనిషి ఈవిడేనా? ఆ ఒంట్లో బరువంతా ఏమైపోయింది? పక్కన ఎవరో కుర్రాళ్ళు ఇంతెత్తున మంచు చిమ్ముకుంటూ పోతున్నారు. జయమణి వాళ్ళని పట్టించుకోలేదు. ఆ కొండ తనకి వంటిల్లంత అలవాటైనట్టు దిగి వస్తోంది.

దగ్గరికి వచ్చేసరికి అతనికి పాట వినపడింది. ఆవిడ పాడుతోంది. ఎవరూ వినడం లేదన్న ధీమాతో, గొంతు విప్పి, నర్సాపురం చర్చిలో చిన్నప్పుడు నేర్చుకున్న కీర్తన పాడుకుంటోంది. రెప్పల మీద మంచు పడి కళ్ళు చికిలించుకుని ఉంది. ఆ మొహంలో ఉన్న సంతోషం నోవహు ఎప్పుడూ చూడలేదు. హోప్ పుట్టినప్పుడు చూశాడేమో, అప్పుడు కూడా నొప్పులు కలిసి ఉన్నాయి. ఇది వట్టి సంతోషం. ఆవిడ అతని పక్క నుంచే, అతన్ని గమనించకుండా, తిన్నగా లిఫ్టు వరసలోకి వెళ్ళిపోయింది.

కళ్ళద్దాలు అతని చేతిలోనే ఉండిపోయాయి. పిలవలేదు. పిలిస్తే ఆ పాట ఆగిపోతుంది. ఆవిడ మళ్ళీ పైకి వెళ్ళింది, మళ్ళీ దిగింది, అతను చూస్తూ నిలబడ్డాడు. బూట్లలోకి మంచు దూరి కాళ్ళు తిమ్మిరెక్కాయి. పన్నెండు చలికాలాలు ఇది పది అడుగుల దూరంలో జరుగుతుంటే, తను వెచ్చగా కూర్చుని కార్ పార్కింగ్ చూశాడు. నోవహుకి ఏడుపొచ్చింది. ఏడ్చాడు కూడా. మంచులో ఎవరు చూడొచ్చారు గనక!

ఆవిడ కంటే ముందే లోపలికి వచ్చి, కళ్ళద్దాలు ఉన్నచోటే పెట్టేసి, తడి బూట్లు బల్ల కిందకి దాచుకుని, పేపరు తెరిచాడు.

"కళ్ళద్దాలు ఇక్కడే మర్చిపోయానండీ" అంది జయమణి వచ్చి.

"అవునా, చూడలేదు" అన్నాడు. పేపరు తలకిందులుగా ఉందని ఆవిడ గమనించిందో లేదో.

ఇంటికొచ్చి, స్నానాలు చేసి, బల్ల దగ్గర కూర్చున్నారు. చేపల పులుసు అయిపోయి మళ్ళీ పప్పుకి వచ్చారు. ఆ రోజు జయమణి వంతు. స్తోత్రాలు చెప్పింది. సంఘం, ఫేబీ ఆంటీ, చెల్లెలు, హోప్. అక్కడ ఆగింది. ఆమేన్ అంటుందనుకున్నాడు నోవహు. అనలేదు.

"తండ్రీ, ఆ హెలికాప్టర్ విషయం" అంది మెల్లగా. "నేను వదిలేశాను. డబ్బు గురించే ఆయన పట్టుదల అనుకున్నాను. నా మీద బెంగతో తిండి మానేశారని నాకు తెలియలేదు. ఏ కొండైనా ఆయన నెమ్మది కంటే ఎక్కువ కాదు. నాకు ఈ చిన్న కొండ చాలు ప్రభువా. మళ్ళీ అడగను. ఆయన మనసుకి శాంతి దయచేయి. యేసు నామమున, ఆమేన్."

జయమణి ఒక కన్ను తెరిచింది. నోవహు కళ్ళు మూసుకునే ఉన్నాడు. గరిటె ముట్టుకోలేదు.

"ఆమేన్ అనలేదేంటండీ?"

"అనను."

"అదేంటి? మీరు కోరుకున్నదేగా!"

"నేను కోరుకున్నదే. అయినా ఆ ప్రార్థనకి నేను ఆమేన్ అనను." కళ్ళు తెరిచాడు. "ఇవాళ బయటికి వచ్చి చూశాను, జయా. నువ్వు పాడుకుంటూ దిగుతున్నావు."

జయమణి మొహం ఎర్రబడింది. "ఎప్పుడు? పిలవకపోయారా? ఆ కీర్తన రెండో చరణం నాకు సరిగ్గా రాదు కూడానూ..."

"కాళ్ళు తిమ్మిరెక్కేదాకా చూశాను. ఇన్నేళ్ళు పార్కింగ్‌లో కార్లు చూస్తూ కూర్చున్నాను. నా అంత తెలివితక్కువ వాడు ఈ దేశంలో ఉండడు."

"మరి మీ భయం?"

"ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంది" అన్నాడు గుండె మీద చెయ్యి వేసుకుని. "నువ్వు మానేసినా ఉంటుంది. రేపు ఆపరేషన్‌కి వెళ్ళినా ఉంటుంది. ఇది నాది, నేను మోస్తాను. నీ కాళ్ళకి ఎందుకు కట్టాలి? నువ్వు మొదట చేసిన ప్రార్థన మళ్ళీ చెయ్యి."

జయమణి కళ్ళు మూసుకుంది. "పరిశుద్ధుడవైన తండ్రీ" అంది. ఆ తర్వాత మాట రాలేదు. చెంపల మీదుగా నీళ్ళు కారి పప్పు గిన్నె పక్కన పడ్డాయి. ప్రార్థన మధ్యలో ఆగిపోతే మిగతాది రెండోవాళ్ళు అందుకోవడం ఆ ఇంటి పద్ధతి. నోవహు అందుకున్నాడు.

"తండ్రీ, నీ దాసురాలిని ఆ కొండ మీదకి తీసుకెళ్ళు. మబ్బు పట్టనివ్వకు, అది నా డ్యూటీలో లేని ఆకాశం. గైడ్‌కి మంచి బుద్ధి ఇవ్వు, పైలట్‌కి మంచి నిద్ర ఇవ్వు. నా పని నాకు వచ్చు, పులిహోర డబ్బా పట్టుకుని నేనూ వెళ్తాను. అయితే ఈసారి కిటికీ పక్కన కూర్చోను. హెలికాప్టర్ తిరిగొచ్చి దిగే చోటే, నిలబడనిస్తే అక్కడే నిలబడతాను. అలమారాల తలుపులు వేలాడనీ. ఆమెని నాకు ఇచ్చావు, ఆ పాట కూడా ఇచ్చావు, నాకు తెలియలేదు. మూడు రోజులు ఆమెని పాడుకోనివ్వు, చివర్లో నా దగ్గరికి పంపించు. యేసు నామమున..."

అతను ముగించేలోపే పక్కింటి వాళ్ళకి వినపడేలా, "ఆమేన్" అంది జయమణి.

పప్పు పూర్తిగా చల్లారిపోయింది. వేడి చెయ్యడానికి ఎవరూ లేవలేదు. జయమణి కుడి చెయ్యి నోవహు కుడి చేతిలో ఉంది, ఎడం చేత్తోనే వడ్డించుకుని తిన్నారు.